ఒకే సిస్టమ్‌లో ఎక్స్‌పీ, విండోస్ 10: డీటీపీ షాపు కోసం సలహా కావాలి

అక్షరకూర్పు (తెనాలి)

అందరికీ నమస్కారం. తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు కవితా సంకలనాలు చేస్తుంటాం. ఇంతకాలం ఎక్స్‌పీ ఉన్న పాత డ్యూయల్ కోర్ సిస్టమ్ మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అను ఫాంట్లతో నెట్టుకొచ్చాం. దాని మదర్‌బోర్డు పోయింది. రిపేరు చేసే ఆయన చూసి ఇక లాభం లేదన్నారు.

తెలిసినవాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఇంకో సిస్టమ్ తీసుకున్నాను. ఐ5 3470 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 8 జీబీ ర్యామ్. వెనక ప్యారలల్ పోర్టు ఉంది, అది చూసే కొన్నాను. కొత్త 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, షాపులో ఎప్పటినుంచో ఉన్న 500 జీబీ హార్డ్‌డిస్కు ఒకటి ఉన్నాయి.

కస్టమర్లు ఇప్పుడు ఫొటోలు, మ్యాటరు అంతా వాట్సాప్‌లోనే పంపుతున్నారు. జీఎస్టీ, మెయిళ్ళు, పీడీఎఫ్‌లు ఎక్స్‌పీలో అయ్యే పని కాదు. కాబట్టి విండోస్ 10 కావాలి. అలాగని ఎక్స్‌పీని వదల్లేను. రెండూ ఒకే సిస్టమ్‌లో పెట్టుకోవడం ఎలా? ఏది ముందు ఎక్కించాలి?

కొత్తబాక్స్

ఇంకా ఎక్స్‌పీయా అన్నా! 2014 ఏప్రిల్ 8తోనే మైక్రోసాఫ్ట్ చేతులు దులుపుకుంది కదా. పేజ్‌మేకర్ 7 విండోస్ 10 మీద నడుస్తుంది. మా బాబాయి షాపులో కంపాటిబిలిటీ మోడ్ పెట్టి రోజూ వాడుతున్నారు. అంతగా కావాలంటే 10 లోపలే ఇంకో సిస్టమ్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ వేసుకోండి, ఒక విండోలో తెరుచుకుంటుంది. డ్యూయల్ బూట్ (ఒకే సిస్టమ్‌లో రెండు విండోస్‌లు) టెన్షన్ ఎందుకు చెప్పండి?

అక్షరకూర్పు

తమ్ముడూ, పేజ్‌మేకర్ గొడవ కాదు. అది 10లో నడవడం నేనూ చూశాను. నాకు అడ్డొచ్చేవి రెండు. మొదటిది ఎ3 స్కానర్. ఎక్స్‌పీ తర్వాత దానికి డ్రైవర్ రాలేదు. రెండోది పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. ప్యారలల్ పోర్టుకు తగిలించే లాక్ ఉంటేనే తెరుచుకుంటుంది. పదిహేనేళ్ళ పంచాంగాలు, సావనీర్ల ఫైళ్ళు దాంట్లోనే ఉన్నాయి. వర్చువల్‌బాక్స్‌లో ఆ లాక్ కనిపిస్తుందా?

కొత్తబాక్స్

యూఎస్‌బీ లాక్ అయితే చాలావరకు కనిపిస్తుంది. ప్యారలల్ అంటే మాత్రం నమ్మకం లేదు. సరే, డ్యూయల్ బూటే పెట్టుకోండి.

ఎన్‌టీఎల్‌డీఆర్

ఈ ప్రశ్న వినడానికి చిన్నదే. వెనక సంగతి కొంచెం తెలిస్తే తర్వాత వచ్చే సగం ఇబ్బందులు ముందే తప్పించుకోవచ్చు.

ఎక్స్‌పీని లేపేది ఎన్‌టీఎల్‌డీఆర్ అనే చిన్న ఫైలు (నా పేరు అక్కడిదే). అది బూట్.ఐఎన్ఐ అనే మామూలు టెక్స్ట్ ఫైలు చదివి మెనూ చూపిస్తుంది. విస్టా నుంచి ఈ పద్ధతి మారింది. బూట్‌ఎంజీఆర్ వచ్చింది, మెనూ వివరాలు బీసీడీ అనే డేటాబేస్‌లోకి వెళ్ళాయి. కొత్త లోడరుకు పాతదాన్ని పిలవడం తెలుసు. పాతదానికి కొత్తది ఒకటి వస్తుందనే సంగతే తెలియదు. అందుకే ఒకే డిస్కు మీద రెండూ పెట్టేవాళ్ళు ముందు పాతది, తర్వాత కొత్తది ఎక్కిస్తారు. వరస తిరగబడి ఎక్స్‌పీ తర్వాత వస్తే బూట్ సెక్టరు (సిస్టమ్ లేచేటప్పుడు డిస్కులో మొదట చదివే చోటు) మీద తనది రాసేసుకుంటుంది, విండోస్ 10 మెనూలోనే కనిపించదు. డేటా పోదు. విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తో రిపేరు చేసి, ఎక్స్‌పీని మళ్ళీ మెనూలో చేర్చాలి. ఈజీబీసీడీ అనే టూల్‌తో ఆ పని తేలిక.

ఇంకో చికాకు ఉంది. 8 నుంచి వచ్చిన నీలం రంగు మెనూ ముందు సగం విండోస్‌ను లోడ్ చేసి, ఆ తర్వాత కనిపిస్తుంది. అందులో ఎక్స్‌పీ నొక్కితే సిస్టమ్ మళ్ళీ రీస్టార్ట్ అయ్యి అప్పుడు ఎక్స్‌పీకి వెళ్తుంది. బూట్ మెనూ పాలసీని లెగసీకి మారిస్తే పాత నల్లటి మెనూ వస్తుంది, ఆలస్యం ఉండదు.

ఇదంతా ఒకే డిస్కు ఉన్నవాళ్ళ కష్టం. మీ దగ్గర రెండు డిస్కులున్నాయి. అసలు మెనూ జోలికే పోకండి. హార్డ్‌డిస్కులో ఎక్స్‌పీ, ఎస్‌ఎస్‌డీలో 10. ఒకటి ఎక్కించేటప్పుడు రెండోదాన్ని బోర్డుకు కలిపే సాటా కేబుల్ పీకెయ్యండి. రెండూ అయ్యాక తగిలించి, పవర్ ఆన్ చెయ్యగానే ఎఫ్12 (కొన్ని బోర్డుల్లో ఎఫ్11, ఎఫ్8) నొక్కి ఏ డిస్కు కావాలో ఎంచుకోండి. అప్పుడు ఏది ముందు అన్న ప్రశ్నే లేదు. రేపు ఒక డిస్కు చెడిపోయినా రెండోది తన మానాన తను లేస్తుంది.

బోర్డుడాక్టర్ (సికింద్రాబాద్)

పైన చెప్పిన రెండు డిస్కుల పద్ధతి కరెక్ట్. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర నాది రిపేరు పనే, ఇలాంటివి చాలా కట్టాను.

ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా. ఎక్స్‌పీ సీడీ పెట్టి ఫైళ్ళన్నీ లోడయ్యాక బ్లూ స్క్రీన్ వస్తుంది, చివర్లో 7బి అని ఉంటుంది. చాలామంది ర్యామ్ పోయిందనుకుంటారు. ర్యామ్‌కు సంబంధం లేదు. బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) సాటా మోడ్, అంటే బోర్డు డిస్కులతో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ అని ఉంటుంది. ఎక్స్‌పీ సీడీలో దానికి డ్రైవర్ లేదు, అందుకే దానికి హార్డ్‌డిస్కే కనిపించదు. ఆ రోజుల్లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీలో డ్రైవర్ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు ఫ్లాపీ ఎక్కడిది! బయాస్‌లో దాన్ని పాత పద్ధతి ఐడీఈకి మార్చండి, ఇన్‌స్టాల్ అయిపోతుంది.

పాత సిస్టమ్‌లోని ఎక్స్‌పీ డిస్కు అలాగే తెచ్చి దీనికి తగిలిద్దాం అనుకుంటున్నారేమో, అదీ వద్దు. బోర్డు మారింది కాబట్టి చాలావరకు ఇదే 7బి వస్తుంది. కొత్తగా ఎక్కించుకోవడమే మంచిది.

ఎన్‌టీఎల్‌డీఆర్

ఐడీఈ పెట్టమని తేలిగ్గా అనేశారు గానీ, ఆ సెట్టింగ్ డిస్కుకొకటి ఉండదండీ, మొత్తం కంట్రోలరుకు ఒకటే. ఏహెచ్‌సీఐలో ఎక్కించిన విండోస్ 10ని ఐడీఈలో లేపబోతే అది కూడా బ్లూ స్క్రీనే చూపిస్తుంది. అటు వెళ్ళినప్పుడొకసారి ఇటు వచ్చినప్పుడొకసారి బయాస్‌లోకి దూరి మార్చడం షాపులో జరిగే పని కాదు. విండోస్ సీడీని మార్చే ఎన్‌లైట్ అనే టూల్‌తో ఇంటెల్ ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను ఎక్స్‌పీ సీడీలోనే కలిపేస్తే రెండూ ఏహెచ్‌సీఐలో నడుస్తాయి. ఇంటెల్ 3వ తరం ప్రాసెసర్ల దాకా (మీ ఐ5 3470 అదే) ఆ డ్రైవర్లు దొరుకుతాయి.

బోర్డుడాక్టర్

దొరుకుతాయి సార్, కాదనను. కానీ ఆయన డీటీపీ షాపు ఆయన. ఎన్‌లైట్‌లో టెక్స్ట్‌మోడ్ డ్రైవర్ అని పెట్టాలి, లిస్టులో సరైన చిప్‌సెట్ ఎంచుకోవాలి, మళ్ళీ సీడీ రాయాలి. దేంట్లో పొరపాటు జరిగినా మళ్ళీ 7బి. 10ని కూడా మొదటినుంచీ ఐడీఈలోనే ఎక్కిస్తే మార్చాల్సిన పనే లేదు కదా?

ఎన్‌టీఎల్‌డీఆర్

ఎస్‌ఎస్‌డీని ఐడీఈలో నడపడం నాకు మనసొప్పదు.

బోర్డుడాక్టర్

హెచ్61లో ఉన్నవే సాటా 2 పోర్టులు. సెకనుకు 300 ఎంబీ దాటదు, ఎస్‌ఎస్‌డీ ఎలాగూ పూర్తి స్పీడులో పోదు. పెళ్ళి కార్డు తెరవడానికి అది చాలు.

ఎన్‌టీఎల్‌డీఆర్

సాటా 2 మాట నిజమే. ఈ బోర్డుకైతే ఐడీఈ చాలు, ఒప్పుకుంటాను. ఇంకా కొత్త బోర్డు ఉన్నవాళ్ళు మాత్రం ఇది చూసి అలాగే చెయ్యకండి.

పెంగ్విన్‌పిచ్చి

ఎవరూ లైనక్స్ మాట ఎత్తలేదేంటి? పాత స్కానర్లు చాలావాటిని లైనక్స్‌లో సేన్ అనే వ్యవస్థ ఇప్పటికీ గుర్తుపడుతుంది. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లైవ్‌లో లేపి స్కానర్ తగిలించి చూడండి, పైసా ఖర్చు లేదు. డిస్కు మీద ఏమీ రాయదు కూడా.

కొత్తబాక్స్

వచ్చాడండీ పెంగ్విన్. ఎవరికి జలుబు చేసినా ఉబుంటు వేసుకోమంటాడు.

పెంగ్విన్‌పిచ్చి

నవ్వండి నవ్వండి. ఒకటి మాత్రం నిజాయితీగా చెప్తాను. లైనక్స్‌ను కూడా మూడోదిగా ఎక్కిస్తే గడియారం దెబ్బతింటుంది. లైనక్స్ బోర్డులోని గడియారాన్ని యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంచుతుంది, విండోస్ అదే మన టైమనుకుంటుంది. ఉదయం పదిన్నరకు ఎక్స్‌పీ తెరిస్తే ఐదు గంటలని చూపిస్తుంది. లైనక్స్ లోకల్ టైమే వాడేలా ఒక సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. ఎక్స్‌పీ, 10 రెండే అయితే ఈ గొడవ లేదు. రెండూ లోకల్ టైమే చదువుతాయి.

శుభలేఖలు (రాజమండ్రి)

అక్షరకూర్పు గారూ, నేనూ ఇదే రంగంలో ఉన్నాను, కాబట్టి కంప్యూటర్ సంగతి పక్కనపెట్టి పని సంగతి మాట్లాడతాను.

స్కానర్ కోసమే ఎక్స్‌పీ అయితే ముందు వ్యూస్కాన్ చూడండి. కంపెనీలు వదిలేసిన పాత స్కానర్లకు వాళ్ళు సొంతంగా డ్రైవర్లు రాసి ఇస్తారు. కొనుక్కోవాల్సిన సాఫ్ట్‌వేరే, కానీ ట్రయల్ వేసి మీ మోడల్ పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవచ్చు. మా దగ్గర మూలన పడేసిన స్కానర్ దానితోనే లేచింది.

ఇక లాక్ ఉన్న సాఫ్ట్‌వేర్. అది ఉన్నన్నాళ్ళూ మీ పదిహేనేళ్ళ పని ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క చేతిలో ఉన్నట్టే. అది పోతే కొత్తది ఇచ్చేవాళ్ళు ఉన్నారా? మా దగ్గర ఇలాంటివే ఉంటే, ఎక్స్‌పీ నడుస్తున్నప్పుడే ప్రతి ఫైలూ తెరిచి ఫాంట్లు లోపల ఉండేలా పీడీఎఫ్ చేసి పెట్టాం. మళ్ళీ ప్రింటుకు అడిగితే పీడీఎఫ్ చాలు. మ్యాటరు మార్చాల్సినవాటినే యూనికోడ్‌లోకి తీసుకున్నాం. కన్వర్టర్లు ఉన్నాయి గానీ వాటిని గుడ్డిగా నమ్మొద్దు. వత్తులు, అరసున్నలు, అంకెలు తారుమారవుతాయి. పంచాంగంలో ఘడియలు, విఘడియలు తప్పు పడితే ఊరుకుంటారా? ప్రూఫ్ చదవాల్సిందే.

పేజ్‌మేకర్ ఫైళ్ళకు కూడా ఇదే మాట. పేజ్‌మేకర్ తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ దాకా పేజ్‌మేకర్ 7 ఫైళ్ళు తెరుచుకునేవి. తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లలో ఆ సౌకర్యం తీసేశారు.

అక్షరకూర్పు

మేడమ్, వ్యూస్కాన్ సంగతి నాకు తెలియదు, తప్పకుండా చూస్తాను. పీడీఎఫ్ మాట కూడా నిజమే. ఆ పని చెయ్యడానికైనా ఒకసారి ఎక్స్‌పీ లేవాలి కదా. అందుకని ఎక్కిస్తాను.

డాక్టర్ గారూ, ఎన్‌టీఎల్‌డీఆర్ గారూ, ఒక సందేహం. రెండు డిస్కులూ తగిలించి ఉంటే ఎక్స్‌పీలో ఉన్నప్పుడు విండోస్ 10 డిస్కును అది ఏమైనా చేస్తుందా?

ఎన్‌టీఎల్‌డీఆర్

మంచి ప్రశ్న. చేస్తుంది. ఏదైనా పాడైతే వెనక్కి వెళ్ళడానికి కొత్త విండోస్ దాచుకునే రీస్టోర్ పాయింట్లను ఎక్స్‌పీ అర్థం చేసుకోలేదు. ఆ పార్టిషన్ ఎక్స్‌పీకి కనిపిస్తే చాలు, చెప్పాపెట్టకుండా అవి పోతాయి. విస్టా రోజులనుంచీ ఉన్న జబ్బు ఇది, మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. ఎప్పుడో అవసరమై రీస్టోర్ తెరిస్తే ఒక్క పాయింటూ ఉండదు.

దీనికి నాకు నచ్చే మార్గం విండోస్ 10ని యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో, జీపీటీ అనే కొత్త రకం పార్టిషన్ పట్టిక ఉన్న డిస్కు మీద ఎక్కించడం. 32 బిట్ ఎక్స్‌పీకి జీపీటీ చదవడం రాదు. డిస్కు మేనేజ్‌మెంట్‌లో ఏదో రక్షిత పార్టిషన్ అని చూపించి ఊరుకుంటుంది, డ్రైవ్ లెటరు ఇవ్వదు. చదవలేకపోవడమే ఇక్కడ మనకు రక్ష. ఎక్స్‌పీకి మాత్రం పాత రకం పట్టిక (ఎంబీఆర్) ఉన్న డిస్కు, పాత పద్ధతి (లెగసీ) బూట్ ఉండాల్సిందే. బయాస్‌లో సీఎస్‌ఎం (పాత బూట్‌ను అనుమతించే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉంటాయి.

మీ బోర్డుకు యూఈఎఫ్‌ఐ ఉందో లేదో చూసుకోండి, హెచ్61లో రెండు రకాలూ వచ్చాయి. విండోస్ 10 పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ మెనూ తెరిస్తే అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించాలి, ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ అని ఉంటుంది. దాన్ని ఎంచుకోండి. లేకపోతే రెండో దారి ఎక్స్‌పీ డివైస్ మేనేజర్‌లో ఎస్‌ఎస్‌డీని డిసేబుల్ చెయ్యడం.

షాపు ఫైళ్ళన్నీ హార్డ్‌డిస్కులో డి పార్టిషన్‌లో పెట్టుకోండి. 10కి అది హాయిగా కనిపిస్తుంది. కస్టమర్ పంపిన ఫొటో 10లో దింపి డిలో వేస్తే ఎక్స్‌పీలో తెరుచుకోవచ్చు.

బోర్డుడాక్టర్

ఇంకోటి కలుపుతున్నా. హార్డ్‌డిస్కు పార్టిషన్లు ఎక్స్‌పీ సీడీతో చెయ్యొద్దు. అది 63వ సెక్టారు నుంచి మొదలుపెడుతుంది. 4కె సెక్టార్లున్న డిస్కులకు, ఎస్‌ఎస్‌డీలకు ఆ లెక్క కుదరదు, స్పీడు పడిపోతుంది. విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తోనే ఎంబీఆర్‌గా పార్టిషన్లు చేసి, ఎక్స్‌పీని అందులో ఎక్కించండి. ఎక్స్‌పీ సీడీ సర్వీస్ ప్యాక్ 3 ఉన్నదే వాడండి.

గోదారిగట్టు

విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్యమని ఎవరూ చెప్పలేదే! అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగదు. షాపు షట్టరు సగం దించి టీకి వెళ్ళినట్టు, డిస్కులు తన చేతిలోనే ఉన్నాయనుకుని నిద్రపోతుంది. ఈలోగా ఎక్స్‌పీ తెరిచి డిలో ఫైలు సేవ్ చేశారనుకోండి, మళ్ళీ 10 లేచాక పాత లెక్కే రాసేస్తుంది. కొత్త ఫైలు మాయమైనా అవుతుంది, పాడైనా అవుతుంది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చెయ్యాలో ఎంచుకునే చోట ఆ టిక్కు తీసెయ్యండి. ఎక్స్‌పీ లేచినప్పుడల్లా చెక్‌డిస్క్ నడుస్తోందని బాధపడేవాళ్ళకూ చాలావరకు మందు ఇదే.

కొత్తబాక్స్

సెక్యూరిటీ సంగతి? 2017 మేలో ఫైళ్ళకు తాళమేసి డబ్బడిగే వన్నాక్రై వచ్చినప్పుడు మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఎక్స్‌పీని నెట్‌లో పెట్టడం అంటే కోరి తెచ్చుకోవడమే.

ఎన్‌టీఎల్‌డీఆర్

వన్నాక్రైలో ఎక్కువ దెబ్బతిన్నవి ఎక్స్‌పీలు కావు, అప్‌డేట్ వెయ్యని విండోస్ 7లు. అప్పుడు ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చింది. అయినా మీరు చెప్పిన జాగ్రత్త సరైనదే. ఎక్స్‌పీకి నెట్ అక్కర్లేదు. క్రోమ్ 2016లోనే దాన్ని వదిలేసింది, ఇవాళ్టి వెబ్‌సైట్లు సగం తెరుచుకోవు కూడా. తేలిక మార్గం ఏంటంటే, ఎక్స్‌పీలో ల్యాన్ (నెట్ కేబుల్ పోర్టు) డ్రైవర్ ఎక్కించకండి. సీడీలో ఈ బోర్డు ల్యాన్‌కు డ్రైవర్ ఉండదు, దానంతట అదే నెట్ లేకుండా ఉండిపోతుంది. గ్రాఫిక్స్, సౌండు, చిప్‌సెట్ డ్రైవర్లు చాలు. పెన్‌డ్రైవ్‌లు కూడా ముందు 10లోనే పెట్టండి, 10లోని యాంటీవైరస్ డిఫెండర్ చూశాకే డిలోకి రావాలి.

మోడరేటర్

ఎక్స్‌పీ సీడీ, కీ ఎక్కడ దొరుకుతాయని ఇద్దరు సభ్యులు లింకులు పెట్టారు, తీసేశాను. సొంత సీడీ, సొంత కీ ఉన్నవాళ్ళకే ఇక్కడ సలహా.

అక్షరకూర్పు

అయిందండీ! మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

బోర్డులో యూఈఎఫ్‌ఐ ఉంది. సాటా మోడ్ ఐడీఈ పెట్టి, హార్డ్‌డిస్కు ఒక్కటే ఉంచి ఎక్స్‌పీ ఎక్కించాను. తర్వాత దాని కేబుల్ తీసి ఎస్‌ఎస్‌డీలో 10. ఇప్పుడు మామూలుగా ఆన్ చేస్తే 10 వస్తుంది, ఎఫ్12 నొక్కితే ఎక్స్‌పీ. ఎక్స్‌పీలో ఎస్‌ఎస్‌డీ అసలు కనిపించడం లేదు. లాక్ తగిలించగానే టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. 8 జీబీ ర్యామ్‌లో ఎక్స్‌పీ 3 చిల్లరే చూపిస్తోంది, అది 32 బిట్ కాబట్టి అంతేనని మా అబ్బాయి చెప్పాడు.

ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. ఎక్స్‌పీలో చేసిన ఫోల్డర్లు 10లో తెరిస్తే అనుమతి లేదంటోంది. కొన్ని తెరుచుకుంటున్నాయి, కొన్ని లేదు.

గోదారిగట్టు

ఎక్స్‌పీలో మీ యూజరు, 10లో మీ యూజరు పేరు ఒకటే అయినా విండోస్ లెక్కలో ఇద్దరు మనుషులు. తెరుచుకోని ఫోల్డర్లకు ఎక్స్‌పీలోని యూజరుకే అనుమతి ఉండి ఉంటుంది. 10లో డి డ్రైవ్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ ట్యాబ్‌కు వెళ్ళి ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చి, లోపలి ఫోల్డర్లకు కూడా వర్తించేలా పెట్టండి. డి డ్రైవ్‌కే చెయ్యండి, ఎక్స్‌పీ ఉన్న పార్టిషన్ జోలికి వెళ్ళొద్దు. డిలో రీసైక్లర్ అని ఒకటి, డాలర్ గుర్తుతో రీసైకిల్ బిన్ అని ఒకటి కనిపిస్తే కంగారుపడకండి. పాత విండోస్ చెత్తబుట్ట ఒకటి, కొత్తదానిది ఒకటి.

అక్షరకూర్పు

సరిపోయిందండీ, అన్నీ తెరుచుకుంటున్నాయి. వ్యూస్కాన్ ట్రయల్‌లో స్కానర్ కూడా 10లో పనిచేసింది మేడమ్. ఇక ఎక్స్‌పీ లాక్ కోసమే. పంచాంగాలు పీడీఎఫ్ చెయ్యడం మొదలుపెట్టాను.

శుభలేఖలు

సంతోషం. సావనీర్లు కూడా వదలకండి, వాటికోసమే ఎక్కువమంది మళ్ళీ వస్తారు. పీడీఎఫ్‌లు ఇంకో డిస్కులో కూడా ఒక కాపీ ఉంచండి.

కొత్తబాక్స్

చివరగా ఒకటి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది. ఇళ్ళలో వాడేవాళ్ళకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఉన్నాయి, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోవాలి. 3వ తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు.

మగ్గంవర్క్ (ధర్మవరం)

ఈ చర్చ మొత్తం చదివాను. నాది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీదే, దానికీ లాకే. నా దగ్గర కొత్త లాప్‌టాప్ ఉంది, విండోస్ 11. ఇదే పద్ధతిలో దాంట్లో ఎక్స్‌పీ వేసుకోవచ్చా?

బోర్డుడాక్టర్

వద్దన్నా. ఈమధ్య వచ్చే లాప్‌టాప్‌లలో చాలావాటికి సీఎస్‌ఎం లేదు, లెగసీ బూటే ఉండదు. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం డిస్కుకు, గ్రాఫిక్స్‌కు, టచ్‌ప్యాడ్‌కు ఎక్స్‌పీ డ్రైవర్లు లేవు. పైగా 11లో డిస్కు ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే బయాస్ సెట్టింగ్ కదిలించగానే రికవరీ కీ అడుగుతుంది. లాక్ యూఎస్‌బీదా, ప్యారలల్‌దా?

మగ్గంవర్క్

యూఎస్‌బీ.

బోర్డుడాక్టర్

అయితే ముందు వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ వేసి లాక్ ఇచ్చి చూడు. కుదరకపోతే 2వ, 3వ తరం సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి తీసుకుని దాన్ని ఎంబ్రాయిడరీకే ఉంచెయ్. కొనేముందు ఆ బోర్డు మోడల్‌కు కంపెనీ సైట్‌లో ఎక్స్‌పీ డ్రైవర్లున్నాయో లేదో చూసుకో. మోడల్ నంబరు ఇక్కడ పెడితే నేనూ చూస్తా.